ఎర్రబండపల్లె వాన వంతు

నమోదు 1

పల్లె చదువుకి వెళ్ళిన ప్రతి విద్యార్థీ ఏ రోజు సంగతి ఆ రోజు రాసి పెట్టాలని మా కాలేజీ నియమం. రాయకపోతే మార్కులు కోస్తారు. నాకు రాయడం కంటే మాట్లాడటం ఇష్టం, మాట్లాడటం కంటే తినడం ఇష్టం. అయినా తప్పదు కాబట్టి రాస్తున్నాను.

పేరు కౌముది. ఊరు విశాఖపట్నం. చదివేది మేఘ నిర్వహణ, మూడో ఏడు. ఇన్నాళ్ళూ మబ్బుల గురించి చదివాను గానీ, మబ్బు కోసం ఎదురుచూసే మనుషులను చూడటం ఇదే మొదలు. మా ఊళ్ళో వాన అంటే చెప్పులు పాడయ్యే వ్యవహారం, అంతకుమించి పట్టింపు లేదు.

ఎర్రబండపల్లె కూడలిలో బస్సు దిగేసరికి ఎర్రిస్వామి గారు బ్యాటరీ బండి పక్కన నిలబడి ఉన్నారు. ఈ ఊరికి వంతు పెద్ద ఆయన. అంటే వాన వంతు గురించి ఊరి తరఫున మేఘ కేంద్రంతో మాట్లాడే మనిషి. యాభై దాటిన వయసు, భుజాన తువ్వాలు, మాటలో తొందర. నా సంచీ బండిలో పెట్టకముందే అడిగారు.

"మా వంతు ఎప్పుడు పాపా?"

"నేను విద్యార్థినండీ. వంతు సంగతి నా చేతిలో ఉండదు."

"అది తెలుసులే. నీ పలకలో కనపడ్తాదంట కదా. రవ్వంత చూడు."

కాలేజీ ఇచ్చిన చేతి తెర పలక తీసి చూశాను. ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటి వరసలో ఎర్రబండపల్లె ఆరోది. చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది.

"పోయిన వారం నాలుగు అనిరి. ముందుకి రావాల్సింది ఎనక్కి పోతాదా యాడన్నా?"

నాకేం తెలుసు? ఏ ఊరి నేల ఎక్కువ ఎండితే ఆ ఊరికి ముందు వాన. ఎండిందో లేదో పొలాల్లో నాటిన సూది చెబుతుంది. సూది ఏది చెబితే కేంద్రం అది వింటుంది. ఈ ఊరి సూదిని చూసి, వారం వారం నివేదిక పంపడమే ఇక్కడ నా చదువు.

నాకు బస హనుమక్క గారింట్లో. అరవై అయిదేళ్ళుంటాయేమో. సన్నటి మనిషి, గొంతు మాత్రం ఊరంత. గడప దగ్గరే కాళ్ళకి నీళ్ళిచ్చింది, లోపలికి రాగానే తాగడానికి ఇచ్చింది, కూర్చున్నాక మళ్ళీ చెంబు నింపి పక్కన పెట్టింది. "అవ్వా అను, గారూ గీరూ అంటే సంగటి పెట్టను" అని బెదిరించింది. రాగిసంగటి, వేరుశనగ ఊరిబిండి. మూడోసారి వడ్డించుకుంటుంటే నాకే సిగ్గేసింది గానీ ఆపలేదు.

నమోదు 2

లేచేసరికి బారెడు పొద్దెక్కింది. పక్కింటి వన్నూర్‌బీ వాకిట్లో నిలబడి, "మీ పట్నం పాపకి సూర్యుడు కూడా రెండోసారి పుట్టల్లేమో హనుమక్కా" అంది. ఆమెని అందరూ వన్నూరక్క అంటారు. నలభై ఏళ్ళ మనిషి, నవ్వకుండా వేళాకోళం ఆడుతుంది.

ఇక్కడ బావులూ బోర్లూ లేవు, ఎప్పుడో ఎండిపోయాయి. ఊరి మధ్య రేకుల షెడ్డులో గాలిలోని తేమను పిండి నీళ్ళు తీసే మిషను ఉంది. దాన్ని 'గాలి గానుగ' అంటారు. రాత్రంతా ఆడి తెల్లవారేసరికి ఇంటికి రెండు బిందెలు ఇస్తుంది. అంతకు మించి లేదు. నేను లేచేసరికి పెరట్లో ఒక నిండు బిందె, పక్కన సున్నిపిండి పెట్టి ఉన్నాయి. హాయిగా పోసుకున్నాను.

తర్వాత ఎర్రిస్వామి చిన్నాయన (ఆయనా గారూ గీరూ ఒద్దన్నారు) నన్ను సూది దగ్గరికి తీసుకెళ్ళారు. ఊరి పొలాలన్నిటికీ నడిమధ్య, నిలువెత్తు ఇనప కడ్డీ. పైకి ఎంత కనబడుతుందో నేలలో అంత ఉంటుంది. తలమీద సూర్యపలక. దాని ఒంటికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. ముచ్చటేసి ఫొటో తీశాను. ఊళ్ళో దాన్ని సూదెమ్మ అంటారట. దగ్గర్లో బోర్డు మీద 'సూదిని ముట్టరాదు' అని రాసి ఉంది.

చుట్టూ వేరుశనగ. ఆకులు మధ్యాహ్నం కాకుండానే ముడుచుకుని ఉన్నాయి. చిన్నాయన ఒక మొక్క పక్కకి వంచి చూపించారు. పువ్వు రాలిన చోటు నుంచి సన్నని ఊడ నేల వైపు దిగుతోంది. అది మట్టిలోకి దూరితేనే కాయ. నేల బండలా ఉంది.

"ఈ పక్షంలో వాన పడల్ల. పడకుంటే ఊడ మాడిపోతాది. ఆ మీద సముద్రం తెచ్చి పోసినా కాయ కాదు. ఈ ఊరికి ఉండేది ఈ ఒక్క చెనిక్కాయే పాపా."

సూది కొలత చూశాను. తేమ బాగానే ఉందని చూపించింది. పక్కనే నేల నెర్రెలిచ్చి ఉంటే తేమ ఎక్కడిది? సూది మొదట్లో మాత్రం గరిక పచ్చగా ఉంది. నీడ వల్ల కాబోలు అనుకున్నాను.

నమోదు 4

ఇవాళ మబ్బుల మంద పడమటి నుంచి వచ్చి మా మీదుగా పోయింది.

విశాఖలో మబ్బుకాపరులను రోజూ చూస్తాను. సముద్రం మీద నుంచి మేఘాలను అదిలించుకుంటూ వచ్చే ఎగిరే యంత్రాలు, మాకు పాఠాల్లో వస్తువులు అవి. ఇక్కడ అవి కనపడగానే ఇళ్ళలోంచి అందరూ బయటికొచ్చారు. పొయ్యి మీద సంగటి వదిలేసి వచ్చారు. మబ్బుల నీడ ఊరి మీద పడింది, చల్లగాలి తగిలింది, మట్టి వాసన కూడా వచ్చింది. మంద ఆగలేదు. తూర్పున జక్కులదొడ్డి మీద ఆగి, అక్కడ కురిసింది.

నేనూ వన్నూరక్కా పొలిమేర గట్టు దాకా నడిచి వెళ్ళాం. గట్టుకి అటు నేల నల్లగా తడిసి ఉంది. ఇటు దుమ్ము. గీత గీసినట్టు వాన సరిగ్గా గట్టు దగ్గర ఆగిపోయింది. వన్నూరక్క చెప్పులు విడిచి ఒక కాలు అటు పెట్టి, ఒక కాలు ఇటు పెట్టి కాసేపు నిలబడింది. ఆమె చేను ఇటే, గట్టుని ఆనుకునే ఉంది.

"వాళ్ళకిది రెండోసారి" అంది. "పడనీలే. వాళ్ళూ తినల్ల కదా."

ఆమె స్థానంలో నేనుంటే అలా అనేదాన్ని కాదు. తిరిగి వచ్చేటప్పుడు ఆమె వేళాకోళం ఆడలేదు.

పలక చూశాను. ఎర్రబండపల్లె ఇప్పుడు ఏడోది.

నమోదు 5

సూది చెడిపోయిందని తేల్చుకున్నాను. నా పెట్టెలో కేంద్రం ఇచ్చిన విడి తల, కొలత తీసే భాగం, ఒకటి ఉంది. పొద్దెక్కాకే వెళ్ళి (నా సంగతి తెలిసిందే కదా) పాత తల తీసి కొత్తది బిగించాను. కొలత మారలేదు. నిన్నటికంటే తేమ కొంచెం పెరిగింది కూడా.

అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. సూది కింద జల ఉందేమో! పుస్తకంలో ఇలాంటి ఉదాహరణ ఒకటి చదివాను. పరిగెత్తుకుంటూ వచ్చి గాలి గానుగ దగ్గర అందరి ముందూ చెప్పేశాను. సూది కింద నేల తడిగా ఉంది, ఎందుకో కనుక్కుంటాను అని. ఊరు ఊరంతా సంబరపడింది. హనుమక్క అవ్వ నా బుగ్గలు పట్టుకుని, "సూదెమ్మ కరుణించింది! నా తల్లి మనసు కరిగింది!" అంది. మధ్యాహ్నం నా కోసం ఓళిగలు (మా వైపు బొబ్బట్లు) చేసింది. ఇంట్లో ఉన్న బెల్లమంతా వాటికే అయిపోయింది. నేనేదో సాధించినట్టు తిన్నాను.

నమోదు 6

తేమ మరీ పెరిగింది. వరసలో ఎనిమిదో స్థానానికి జారాం. మన తర్వాత మిగిలింది ఒక్క ఊరు, వాళ్ళకి చెరువు కూడా ఉంది.

జల ఉంటే తేమ నిలకడగా ఉండాలి, రోజూ ఇలా ఎగబాకకూడదు. తెల్లవారుజామున కొలిచి చూడమని పుస్తకంలో ఉంది. రేపు ఎలాగైనా చీకటి విడవకముందే లేవాలి. అవ్వతో చెబితే నమ్మలేదు. "నువ్వా?" అని నవ్వింది. పలకలో గంట పెట్టుకున్నాను.

నమోదు 7

లేచాను. అవ్వ మంచం ఖాళీగా ఉంది. గాలి గానుగ దగ్గర నీళ్ళు పట్టుకుంటోంది కాబోలు అనుకుని, సూది వైపు నడిచాను. తూర్పు అప్పుడే తెల్లబడుతోంది.

సూది దగ్గర ఊరంతా ఉంది.

మగవాళ్ళూ ఆడవాళ్ళూ వరసగా నిలబడి ఉన్నారు. ప్రతి ఒక్కరి చేతిలో రెండేసి చెంబులు. ముందు నిలబడింది మా అవ్వ. చెంబు వంచి సూది మొదట్లో నీళ్ళు పోసి, దండం పెట్టుకుని పక్కకి జరిగింది. వెనక వన్నూరక్క పోసింది. ఆ వెనక ఎర్రిస్వామి చిన్నాయన పోశారు. ఎర్రమట్టి పోసింది పోసినట్టే తాగేస్తోంది.

నన్ను చూసి అవ్వ మొహం విప్పారింది. "ఇన్నాళ్ళకి పొద్దు పుట్టకముందు లేచినావు! రా పాపా, నీ చేత్తో నువ్వూ పొయ్యి" అంటూ తన రెండో చెంబు నా చేతిలో పెట్టింది.

ఆ చెంబు పట్టుకుని నిలబడిపోయాను. మూడేళ్ళ చదువులో ఎవరూ దీనికి సమాధానం నేర్పలేదు.

"అవ్వా, రోజూ పోస్తారా?"

"దీన్ని నాటినప్పటి నుంచి నేను శుక్రవారం శుక్రవారం పోస్తాంటి. ఈ ఏడు వాన ఎనక్కి పోతాండాది కదా, అందుకని ఊరందరం దినామూ పోస్తాండాం. నువ్వు తడి ఉండాదని చెప్పినావే, ఆ దినం నుంచి రెండు చెంబులు."

వాన వెనక్కి పోయిన కొద్దీ వీళ్ళు నీళ్ళు ఎక్కువ పోశారు. వీళ్ళు పోసిన కొద్దీ సూది నేల తడిగా ఉందని చెప్పింది. సూది చెప్పిన కొద్దీ వాన ఇంకా వెనక్కి పోయింది. చివర్లో నేను వచ్చి, తెలివిగా నోరు జారి, ఒక చెంబుని రెండు చేశాను.

చెప్పాను. దాచి ఉంచడం నాకెలాగూ చేతకాదు. ఒక్కో మాటా నిదానంగా, అందరికీ వినపడేలా చెప్పాను. ముందు ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. వరసలో వెనక ఉన్నవాళ్ళు చేతుల్లోని చెంబులను ఏం చేయాలో తెలియక అలాగే పట్టుకున్నారు. అవ్వ గట్టు మీద కూలబడింది.

"ఊరి నోట్లో నేనే మన్ను కొడ్తినే" అంది. ఊరంత గొంతు ఇంతయిపోయింది.

వన్నూరక్క పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరింది. "నువ్వొక్కదానివే పోసినావా? నేను పోయలేదా? గమ్మునుండు." తర్వాత నా వైపు తిరిగి, "ఇప్పుడు పోసేది ఆపితే ఎప్పటికి ఎండుతాది?" అని అడిగింది.

"ఇన్ని నీళ్ళు ఇంకాయి కదక్కా. పక్షం పైనే పడుతుంది."

"అంతలోకి ఊడ మాడిపోతాది."

అవును. మిగిలింది ఒకటే దారి, కేంద్రానికి నిజం చెప్పి, వేరే చోట నేలను కొలవమని అడగడం. అందులో ఒక పెద్ద ముల్లు ఉంది. సూదిని ఊరివాళ్ళెవరైనా కదిలించినా, ఏం చేసినా ఆ ఊరికి ఈ పంట కారంతా వంతు రద్దు. ఆ మాటా చెప్పాను.

ఎర్రిస్వామి చిన్నాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "అట్లయితే రాయొద్దు పాపా. సూది చెడిపోయింది అని రాయి. వాళ్ళొచ్చి చూసుకుంటారు."

"అబద్ధం రాస్తే రేపు దాని చదువు పోతాది" అంది వన్నూరక్క.

"ఊరు పోతాండాది ఇక్కడ!"

"పోయేది నా వల్ల." అవ్వ లేచి నిలబడింది. "ఆ పిల్ల చేత ఏమిటికి అబద్ధం రాయిస్తావు ఎర్రిస్వామీ? ఎవురు పోసినారని అడిగితే నా పేరు చెప్పమ్మా. నేనే చెప్తా, ఆ పలక ఇట్ల తే."

చిన్నాయన తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకున్నారు. చివరికి, "వంతు పెద్దను నేను. నా పేరు కూడా రాయి" అన్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ వచ్చి పేర్లు చెప్పారు. ఎవరి పేరూ రాయక్కర్లేదని ఎంత చెప్పినా వినలేదు.

ఇంటికి వస్తుంటే వన్నూరక్క నోరు జారి ఒక మాట చెప్పింది. గాలి గానుగ ఇచ్చే రెండు బిందెల్లో నిండు బిందె నా స్నానానికే పోతోందట. మిగిలిన దాంట్లో రెండు చెంబులు సూదికి. నేను వచ్చిన రోజు నుంచి అవ్వ తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుంటోందట. నేను సున్నిపిండితో రాగాలు తీస్తూ పోసుకున్న నీళ్ళు అవి. నాకు ఏడుపొచ్చింది. మా అమ్మ కూడా నా కోసం ఇంత చేసి ఉంటుంది గానీ, అమ్మ చేస్తే నేనెప్పుడూ గమనించలేదు. ఈ మనిషికి నేను ఏమవుతానని?

నమోదు 8

ఉన్నదున్నట్టు రాసిన నా నివేదిక నిన్ననే కేంద్రానికి వెళ్ళింది, ఇవాళ విచారణ జరిగింది. గాలి గానుగ షెడ్డులో పలకని ఒక బిందెకి ఆనించి పెట్టాను. అటు వైపు కేంద్రం విచారణాధికారి నరహరి గారు. ఆయన మొహం కనపడదు, గొంతు మాత్రమే. పొడి గొంతు.

"సూదిని ముట్టరాదని బోర్డు ఉందా, లేదా?"

"ఉండాది సార్" అన్నారు చిన్నాయన. "మేము ముట్టలేదు. నీళ్ళు పోసినాం, అంతే."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నరహరి గారు నవ్వలేదు. "ఎందుకు పోశారు?"

అవ్వ ముందుకొచ్చి పలకకి ఎదురుగా కూర్చుంది. చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడింది.

"దాన్ని నాటిన దినం మీ మనుషులే చెప్పిరి నాయనా, ఇది మీ తరఫున నీళ్ళు అడుగుతాది అని. పగలనక రాత్రనక ఎండలో నిలబడుకోని మా కోసం అడుగుతాండాదే, దానికి గొంతు ఎండదా? మా ఇంటికి ఎవురొచ్చినా ముందు చెంబెడు నీళ్ళిస్తాం. అది మా పని మీద వచ్చి నిలబడింది. దానికి ఇయ్యకుండా మేము ఎట్ల తాగల్ల?"

సిగ్నల్ పోయిందేమోనని వంగి చూశాను. పోలేదు.

"సూది చుట్టూ నిప్పు పెట్టి నేల ఆరబెట్టిన ఊరిని చూశాను" అన్నారు నరహరి గారు చివరికి. "తడి పీల్చేయాలని మట్టిలో ఉప్పు కలిపిన ఊరిని చూశాను. అందరూ ముందుగా వాన రావాలని చేసిన వాళ్ళే. నీళ్ళు పోసి వానని వెనక్కి పంపించుకున్న ఊరిని ఇప్పుడే చూస్తున్నాను. దీన్ని ఏమని రాయాలో నాకు తెలియడం లేదు."

"ఉండేది ఉన్నట్ల రాయి నాయనా" అంది అవ్వ.

నియమం ప్రకారం వంతు రద్దు అవుతుందట, దాన్ని ఆపే అధికారం ఆయనకి లేదట. పై వాళ్ళకి పంపిస్తానన్నారు. ఈలోగా ఊరి నేలను వేర్వేరు చోట్ల కొలిచే యంత్రం వస్తుంది. అది వచ్చి పోయేదాకా ఎవరూ సూది దరిదాపులకి వెళ్ళకూడదు. ఒక్క చుక్క పడినా కథ మళ్ళీ మొదటికొస్తుంది.

నమోదు 9

అవ్వ పగలు నీళ్ళు తాగడం మానేసింది.

పొద్దున చెంబు అందిస్తే పక్కన పెట్టింది. మధ్యాహ్నం సంగటి మింగుడు పడక దగ్గింది గానీ నీళ్ళు ముట్టలేదు. ఏమిటంటే చెప్పదు. బతిమాలితే చెప్పింది.

"దానికి ఇయ్యొద్దనిరి. సరే, ఇయ్యను. అది ఎండలో ఎండుతాంటే నేను మాత్రం ఎట్ల తాగేది? దీపం పెట్టినాక తాగుతాలే. చావనులే పాపా."

"అవ్వా, అది ఇనప కడ్డీ. దానికి దాహం ఉండదు."

"నీకు తెలిసేది నీకు తెలుసు" అంది. కోపంగా కాదు. అయినా ఆ మాట తర్వాత నేను పుస్తకం మాటలు చెప్పడం మానేశాను.

ఈ ఎండల్లో ఆ వయసు మనిషి పగలంతా నీళ్ళు లేకుండా ఉండటం ఏమిటి? భయమేసి వన్నూరక్కని పిలుచుకొచ్చాను, ఆమె అయినా మందలిస్తుందని. వన్నూరక్క అవ్వని ఎగాదిగా చూసి, "ఒక్కదానివే ఉంటే కళ్ళు తిరిగి పడ్తావు. నేనూ ఉంటా. రోజా నాకు అలవాటేలే" అని పక్కన చాప వేసుకుంది. ఇద్దరూ కలిసి సాయంత్రం దాకా వేరుశనగ గింజలు ఒలుస్తూ కూర్చున్నారు.

నేనూ ఉందామని ప్రయత్నించాను. పది గంటలకే ఓడిపోయి గటగటా తాగేశాను. ఇద్దరూ నన్ను చూసి పగలబడి నవ్వారు. స్నానం మాత్రం మానేశాను. బిందె అవ్వ మంచం పక్కన పెట్టి, కావాలంటే నన్ను కొట్టమన్నాను. తడిగుడ్డతో తుడుచుకోవడం ఏమంత కష్టం కాదు.

నమోదు 11

ఇంకో మంద మా మీదుగా పోయింది. ఈసారి ఎవరూ బయటికి రాలేదు. పొయ్యిల ముందే కూర్చున్నారు.

ఎర్రిస్వామి చిన్నాయన ఊడలను చూపించారు. ఒకటి రెండు కొనలు నల్లబడ్డాయి. ఆయన ఆ మొక్క మొదట్లో మట్టిని వేలితో గుల్లచేసి, ఊడని అందులోకి దూర్చి, మీద మట్టి కప్పారు. ఒక్క మొక్కకే. పొలం అంతా అలా చేయలేరని ఆయనకీ తెలుసు.

"రాసి తప్పు చేశానా చిన్నాయనా?" అని అడిగాను.

"నేనైతే రాయకపోదును" అన్నారు. "హనుమక్క రాయమనింది. ఆమె మాట నేను తీసెయ్యలేను. నువ్వు పోయి తిను, మొగం పీక్కపోయింది."

వాళ్ళ పొలం మాడిపోతోంది, ఆయన నా తిండి గురించి అడుగుతున్నారు. ఈ కొద్ది రోజుల్లో నేను పుచ్చుకున్నదానికి లెక్క లేదు. ఎలా తీర్చుకోవాలో తెలియదు, తీరదని మాత్రం తెలుసు.

మధ్యాహ్నం కొలత యంత్రం వచ్చింది. మేకంత ఉంది. నాలుగు కాళ్ళ మీద పొలాల్లో తిరిగి అక్కడా ఇక్కడా నేలలోకి మొన దించి చూసింది. ఊరంతా దూరం నుంచి చూస్తూ నిలబడింది. అది మా గుమ్మం ముందుగా పోతుంటే అవ్వ చెయ్యి అలవాటు కొద్దీ చెంబు మీదికి పోయింది. వన్నూరక్క చెయ్యి పట్టుకుని ఆపింది.

నమోదు 12

ఉత్తర్వు వచ్చింది. చిన్నాయన చదవలేక నా చేతికిచ్చారు, నేను చదవలేక వన్నూరక్కకిచ్చాను. ఆమె గట్టిగా చదివింది.

ఈ చుట్టుపక్కల అన్నిటికంటే ఎండిన నేల ఎర్రబండపల్లెదే అని యంత్రం తేల్చింది. వంతు రద్దు చేసే నియమం లాభానికి చేసిన వాళ్ళ కోసం పెట్టింది, తమకే నష్టం చేసుకున్న వాళ్ళ మీద అది వర్తించదని పై వాళ్ళు రాశారు. మిగతా మందలు వేరే ఊళ్ళకి ఇచ్చేశారు కాబట్టి ఇప్పటికి సగం వంతే. గురువారం.

సగం అనేసరికి నాకు ఉసూరుమంది. చిన్నాయన మాత్రం ఆ కాగితాన్ని తీసుకుని కళ్ళకి అద్దుకున్నారు.

"ఊడ దిగేదానికి సగం చాలు పాపా! చాలు! కాయ ఊరేదానికి ఇంకొక వంతు ఎట్లోకట్ల వస్తాది!"

వన్నూరక్క ఉత్తర్వు అడుగున ఉన్న ఇంకో వాక్యం చదివింది. ఇకపై సూదికి ఎవరూ నీళ్ళు పోయరాదు, పసుపు కుంకుమలకి అభ్యంతరం లేదు. కింద నరహరి గారి సంతకం. ఊరు ఊరంతా ఘొల్లుమంది. అవ్వ కూడా నవ్వింది. నవ్వింది గానీ, చెంబు ఇస్తే "దీపం పెట్టినాక" అంది.

"వాన వస్తుందని తేలిపోయింది కదా అవ్వా!"

"వచ్చినాక చూద్దాం."

నమోదు 13. గురువారం

రేపు నా పల్లె చదువు అయిపోతుంది, బస్సు పొద్దునే. ఇది నా చివరి నమోదు.

మధ్యాహ్నం సంగటి వేళకి, ఈసారి తూర్పున, మబ్బుకాపరులు కనపడ్డాయి. చిన్న మందే. మేము పొలం గట్టు మీద నిలబడ్డాం, సూదికి దూరంగా, చెప్పిన హద్దు దాటకుండా. మంద జక్కులదొడ్డి మీదికి వచ్చింది. అక్కడే ఆగుతుందేమో అనుకున్నాను. ఆగలేదు. పొలిమేర గట్టు దాటింది. వన్నూరక్క చేను మీదికి వచ్చి, మెల్లగా మా నెత్తిమీద నిలబడింది.

ముందు దుమ్ములో పెద్ద పెద్ద చినుకులు. తర్వాత ఒక్కసారిగా కురిసింది. చిన్నాయన తువ్వాలు విసిరేసి చేలోకి పరిగెత్తి మోకాళ్ళ మీద కూర్చున్నారు. వన్నూరక్క తన చేను వైపు పోతూ, వెనక్కి తిరిగి నన్ను చూసి ఏదో అరిచింది, వాన చప్పుడుకి వినపడలేదు. నేను తలనుంచి పాదాల దాకా తడిసిపోయాను. చెప్పుల సంగతి గుర్తే రాలేదు. ఇన్నాళ్ళు చదివిన మబ్బు ఇదా అనుకున్నాను. నన్ను ఇక్కడికి పంపినందుకు మా కాలేజీకి, చేరదీసినందుకు ఈ ఊరికి మనసులో దండం పెట్టుకున్నాను.

అవ్వ కదలలేదు. కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా సూది వైపే చూస్తోంది. దాని ఒంటి మీద పసుపు కరిగి కారింది. తలమీద నుంచి నీళ్ళు జారి మొదట్లోకి చేరాయి. అక్కడ గుంట నిండింది. నిండి పొర్లేదాకా చూసింది.

అప్పుడు రెండు చేతులూ దోసిలి పట్టింది. నిండాక తాగింది. మళ్ళీ పట్టి మళ్ళీ తాగింది. గడ్డం మీదుగా కారుతున్నా తుడుచుకోలేదు. మూడోసారి పట్టిన దోసిలి నా నోటి ముందుకు తెచ్చింది.

"తాగు పాపా" అంది. "ఇది మన వంతు."

తాగాను.